నొగ మీద మనిషి

సిద్ధారెడ్డి బెంగుళూరులో మిలిటరీవాళ్ళ పాత సామాన్ల వేలంలో జీపు పాడుకున్నప్పుడు, దాని తోకకు తగిలించి ఉన్న తొట్టిబండి కూడా దాంతోబాటే బండపల్లికి వచ్చింది. జీపంటే సరే, ఎక్కి నాలుగూళ్ళు తిరగొచ్చు, పదిమందీ చూస్తారు. రెండు చక్రాల ఈ ఇనప తొట్టిని ఏం చేసుకోవాలి? దొడ్లో ఒక మూలకు తోయించాడు. కోళ్ళు అందులో గుడ్లు పెట్టుకున్నాయి. దాని విలువ తెలిసినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. రెడ్డి జీపు తోలే ఇమాం హుస్సేన్.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇమాం హుస్సేన్ ఎక్కడో రావల్పిండి పక్కన, విమానాల్లోంచి దూకే పటాలం ఉన్న క్యాంపులో పనిచేశాడు. ఆయన దూకిందీ లేదు, తుపాకి పట్టిందీ లేదు. ఇంజను లేని విమానాలుంటాయి, వాటిని ఇంకో విమానం తాడు కట్టి పైకి లాక్కుపోయి వదిలేస్తుంది. ఆ విమానాల కడుపులోకి ఇలాంటి తొట్టిబండ్లను ఎక్కించడం, కట్టడం, దింపడం ఆయన పని. ఊళ్ళో ఈ సంగతి అడిగినవాళ్ళకూ చెప్పాడు, అడగనివాళ్ళకూ చెప్పాడు. భార్య గౌస్‌బీకైతే చెప్పీ చెప్పీ, ఆమె రొట్టెలు తడుతూ మధ్యలో అందుకుని తనే పూర్తి చేసేది.

"దీన్ని బండి అనొద్దు తిప్పన్నా, ఇది పడవ" అనేవాడు, రెడ్డి దొడ్లో పేడ ఎత్తే తిప్పన్నను నిలబెట్టి. "చూడు, యాడన్నా అతుకు కనబడతాందా? ఒకే రేకు వంచి చేసినారు. ఏరు అడ్డమొస్తే పైన గుడ్డ కప్పి నీళ్ళలోకి తోసేయడమే, సామానుతో సహా తేలతాది. అడుగున ఈ రెండు బెజ్జాలు చూసినావా? లోపలికి నీళ్ళు చేరితే గట్టు ఎక్కినాక బిరడా తిప్పితే చాలు, అంతా కారిపోతాది. మూలల్లో ఈ రింగులు గాల్లో జారకుండా కట్టేదానికి. ఈ మోకు జీపు చచ్చిపోతే మనుషులు లాగేదానికి."

"ఎద్దులు లేవా సాబూ ఆ దేశంలో?" అని తిప్పన్న అడిగేవాడు.

"ఆకాశంలోంచి దిగేచోట ఎద్దులు యాడివప్పా?"

మోకు అంటే బొటనవేలంత లావు తాడు, తొట్టి పక్కన కొక్కేనికి చుట్ట చుట్టి వేలాడుతుండేది. ముందర జీపుకు తగిలించే నొగకు ఒక మడత కాలు కూడా ఉండేది. జీపు నుంచి విప్పినప్పుడు ఆ కాలు దింపితే మూతి నేలకు తగలకుండా నిలబడుతుంది. వెనక మాత్రం ఏ కాలూ లేదు. విమానంలో ప్రతి పిడికెడు బరువుకూ లెక్కే కదా, అందుకని పెట్టలేదు. ముందర జీపన్నా ఉండాలి, లేకపోతే మనిషన్నా ఉండాలి. నిండు తొట్టిని జీపు నుంచి విప్పితే, సామాను దింపినంతసేపూ ఒకడు నొగ మీద కూర్చోవాలని ఆ క్యాంపులో కట్టుబాటు. కూర్చున్నవాడు లేచాడా, తోక నేలకు కొట్టుకుంటుంది. అందుకే వాడికి సలాం మాఫీ. ఒకసారి తెల్ల జనరల్ తనిఖీకి వచ్చాడు. క్యాంపు క్యాంపంతా కొయ్యబారిపోయి నిలబడితే, నొగ మీదున్న ఇమాం హుస్సేన్ కూర్చునే ఉన్నాడు. జనరల్ ఆయన్ను చూసి నవ్వి ముందుకు పోయాడు. ఆయన జీవితంలో అంతకు మించిన ఘనత ఇంకొకటి లేదు, నిజం చెప్పాలంటే అంతకు సగం కూడా లేదు.

ఆ తర్వాత కరువొచ్చింది. కరువు అనంతపురం సీమకు కొత్తా అంటారేమో. ఆ కరువు కొత్తే. వరుసగా వానలు ఎగ్గొట్టి, బావుల్లో అడుగు బండ తేలి, ఎద్దులను హిందూపురం సంతలో తోలుకు పోయేవాడి దయకు వదిలేసి రావలసి వచ్చిన కరువది. సర్కారు గంజి కేంద్రాలు తెరిచింది. బావులు లోతు చేయడానికి సైన్యాన్ని కూడా దింపింది. చిలమత్తూరు దారిలో ఒక పాత బావిని ఆ సైనికులు మందు పెట్టి పేల్చి, నీళ్ళు చూపించి పోయారు. బండపల్లికి అదే దిక్కు. అయితే అంత దూరం నుంచి ఊరందరికీ నీళ్ళు ఎట్లా తేవాలి?

అప్పుడు ఇమాం హుస్సేన్ తొట్టిబండిని గుర్తు చేశాడు. తేలే తొట్టి నీళ్ళను బయట ఆపినట్టే లోపలా ఆపుతుంది కదా! రెడ్డి తొడ చరిచాడు. తిప్పన్న కోళ్ళను తోలి, తొట్టిలోకి దిగి, బూడిదతో, పీచుతో లోపలంతా మెరిసేదాకా తోమాడు. తోమి బయటికి వచ్చాక రెడ్డి ఇంటివాళ్ళు పసుపునీళ్ళు చల్లి తొట్టిని శుద్ధి చేశారు. తిప్పన్నది ఊరి బయటున్న మాలగేరి. ఆ పూట తర్వాత నీళ్ళున్న ఆ తొట్టి మీద తిప్పన్న చెయ్యి పడకూడదు. మురికి ఉన్నంతసేపూ చెయ్యి పనికొచ్చింది, నీళ్ళు రాగానే పనికిరాకుండా పోయింది. అంటరానితనం లేదని ఢిల్లీలో అప్పటికే రాసుకున్నారట. బండపల్లికి ఆ కబురు తెచ్చే జీపు ఇంకా కొనలేదు.

మొదట్లో రెడ్డి మనిషి పుల్లన్న తొట్టి వెనక అంచు మీద నిలబడి ముంచి, పైకులాల ఆడవాళ్ళ బిందెల్లో పోసేవాడు. వాళ్ళందరి తర్వాత గౌస్‌బీ లాంటి సాయిబుల ఆడవాళ్ళు. పైనుంచే, కాకపోతే చివర్లో. వాళ్ళూ అయ్యాక గేరి ఆడవాళ్ళు కడవలు కింద పెట్టి దూరంగా జరిగితే, పుల్లన్న పైనుంచి ధారగా పోసేవాడు. సగం కడవలో పడేది, సగం మట్టిలో పడేది. అప్పటికి తొట్టిలో మిగిలేదే అడుగున బురద.

అది చూడలేక ఇమాం హుస్సేనే ఉపాయం చెప్పాడు. "అడుగున తోక వైపు బెజ్జం ఉండాది గదా రెడ్డీ. బిరడా తిప్పితే కిందనుంచి వాళ్ళు పట్టుకుంటారు, పైనుంచి వీళ్ళు ముంచుకుంటారు. ఒకరినొకరు తాకే పనే లేదు, ఒకేసారి అయిపోతాది."

"మిలిటరీ బుర్రరా నీది!" అని రెడ్డి భుజం తట్టాడు. పైవాళ్ళ మడి చెడలేదు, కిందివాళ్ళకు చుక్క పోలేదు. ఊరంతా మెచ్చుకుంది. ఇమాం హుస్సేన్ ఆ రోజు ఇంటికి పోయి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. ఒకే తొట్టి, ఒకే నీళ్ళు, పైన కొందరు నిలబడి, కింద కొందరు చక్రాల వెనక గొంతుకూర్చుని. అందులో తప్పేమన్నా ఉందని ఆయనకు తోచలేదు. ఎవరికీ తోచలేదు.

జీపు తగిలించి ఉన్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత రెడ్డికి తనే జీపు తోలుకోవాలన్న మోజు పుట్టింది. ఊళ్ళో గంజి కేంద్రం తన పెత్తనం కిందికి తెచ్చుకోవాలని ఆయన రోజూ హిందూపురం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. పొద్దున నీళ్ళు వచ్చీ రాగానే తొట్టిని విప్పించి, జీపెక్కి, గేర్లను విరగ్గొట్టినంత పని చేస్తూ వెళ్ళిపోయేవాడు. ఇమాం హుస్సేన్ ముందరి కాలు దింపి, తోక కింద ఒక రాయి ఎత్తు పెట్టేవాడు. రాయి ఉంటే తోక కిందికి దిగదు, నిజమే. కానీ బెజ్జం పక్కనే రాయి ఉండేసరికి కిందికి కడవ పట్టలేదు. ముంత ఒక్కటే పట్టేది. గేరి ఆడవాళ్ళు ముంతతో పట్టి కడవలో పోసుకుంటూ ఉంటే, పైనుంచి బిందెలు గబగబా తొట్టిని ఖాళీ చేసేసేవి.

దాన్ని అడిగింది తిప్పన్న భార్య ఓబమ్మ. గేరిలో ఆమె నోటికి జంకనివాళ్ళు లేరు.

"ఏం సాబూ, మీ మిలిటరీ దొరలు కడవ అనేది చూసినారా లేదా? ఈ రాయి తియ్యి. ముంతతో పట్టుకుంటా పోతే మా వంతు వచ్చేసరికి మీ తొట్టిలో గాలి మిగులుతాండాది."

"రాయి తీస్తే బండి తోక నీ నెత్తిన పడతాది ఓబమ్మా."

"రోజూ దాహంతో చచ్చేదానికన్నా అది మేలు గదప్పా."

ఇమాం హుస్సేన్ ఆలోచించాడు. ఆలోచించి, రాయిని అవతలికి దొర్లించి, క్యాంపులో కూర్చున్నట్టే వచ్చి నొగ మీద కూర్చున్నాడు. "పట్టుకోండి కడవలు. నేను ఈడ కూచున్నంతసేపూ ఏమీ కాదు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయనే రాయి. గేరి కడవలు నిండసాగాయి. అందరికంటే ముందు ఓబమ్మే కిందికి దూరేది, చివర బయటికి వచ్చేదీ ఆమే. తన కడవ నిండాక ముసలివాళ్ళవీ కడుపుతో ఉన్నవాళ్ళవీ అందుకుని ఆమే పట్టి ఇచ్చేది. ఒక కడవ తీసి ఇంకోటి పెట్టే సందులో బెజ్జానికి అరచెయ్యి అడ్డం పెట్టేది, ఒక్క చుక్క కూడా నేల పాలు కాకుండా. పైనున్నవాళ్ళకు ఆ చెయ్యి కనబడేది కాదు, కాబట్టి మైలా లేదు. కింద పని చేస్తూనే పైకి మాటలు విసిరేది.

"మా సాబు చూడండమ్మే, పొదిగే కోడి కూచున్నట్ల కూచున్నాడు!"

"నవ్వు, నవ్వు. ఈ నొగ మీద కూచోని జనరల్ దొరకే లేయలేదు నేను."

"జనరల్‌కు లేయలేదు సరే. మన రెడ్డి వస్తే?"

అందరూ నవ్వారు. "రెడ్డి ఈడికి యాడ వస్తాడు? హిందూపురంలో ఉండాడు గదా" అని ఇమాం హుస్సేన్ కూడా నవ్వాడు.

అవును మరి, రెడ్డి వస్తే లేచి నిలబడాలి. ఇది చెప్పే పని కూడా లేదు. బండపల్లిలో పుట్టినవాడికి నడక వచ్చేలోపే అది వస్తుంది. అరుగు మీద ఉన్నవాడు దిగుతాడు, చెప్పులున్నవాడు విడుస్తాడు, తింటున్నవాడు ముద్ద పళ్ళెంలో పెడతాడు. ఇమాం హుస్సేన్ నాయన జమాల్ సాబ్ జ్వరంతో మంచాన పడి ఉండి కూడా, వీధిలో రెడ్డి తండ్రి గొంతు వినబడితే లేచి కూర్చునేవాడు. ఆ ఇంటి అన్నం తిన్న మోకాళ్ళవి.

ఒక రోజు నీళ్ళు ఎప్పటిలాగే వచ్చాయి. రెడ్డి ఎప్పటిలాగే జీపెక్కి పోయాడు. పుల్లన్న వెనక అంచు మీదికి ఎక్కి ముంచి పోస్తున్నాడు. కింద ఓబమ్మ కడవలు మారుస్తోంది. ఇమాం హుస్సేన్ నొగ మీద కూర్చుని బీడీ వెలిగించాడు. పైవాళ్ళ బిందెలు ఇంకా సగం కూడా నిండలేదు.

చిలమత్తూరు దారిలోనే గంజి కేంద్రం ఆఫీసరు ఎదురై, పెత్తనం నీకే ఇచ్చామని చెప్పాడట. ఇక హిందూపురం దాకా పోయే పని ఏముంది? రెడ్డి జీపు వెనక్కి తిప్పాడు. ఊరి మొదట్లోనే హారను కొట్టుకుంటూ వచ్చి, తొట్టి ఎదురుగా జీపు ఆపి, నవ్వుతూ దిగాడు.

ఇమాం హుస్సేన్ లేచి నిలబడ్డాడు.

బీడీ పారేసి, నడుముకున్న తువ్వాలు చేతికి తీసుకుని, వంగి సలాం కూడా చేశాడు. సలాంలో ఉండగానే వెనక పెద్ద చప్పుడు వినబడింది. నొగ ఆయన భుజాన్ని రాసుకుంటూ పైకి లేచింది. తొట్టిలోని నీళ్ళన్నీ ఒక్కసారిగా వెనక్కి పొర్లాయి. పుల్లన్న దూకేశాడు. పుల్లన్నకు దూకే చోటుంది. వంగి కూర్చుని తల లోపలికి పెట్టి ఉన్న ఓబమ్మకు లేదు.

తొట్టి తోక ఆమె వీపు మీద దిగింది. కడవ పగిలిపోయింది. ఒక చెయ్యీ తలా మాత్రం పక్కకు కనిపిస్తున్నాయి. ఆమె అరవలేదు. అరవడానికి ఊపిరి పీల్చే చోటు ఆ ఇనుము మిగల్చలేదు.

ఇమాం హుస్సేన్ ఎగిరి నొగ పట్టుకుని వేలాడాడు. కొంచెం కదిలింది, దిగలేదు. నీళ్ళ బరువంతా వెనకే ఉంది. "పట్టండప్పా! నలుగురు పట్టండి! నొగ కిందికి వంచితే తోక లేస్తాది!" అని గొంతు చించుకున్నాడు. తిప్పన్న పరిగెత్తుకొచ్చాడు, గేరి మగవాళ్ళు అతని వెనకే వచ్చారు.

"ఏయ్! ముట్టుకోవద్దు!" అన్నాడు పుల్లన్న. "తొట్టిలో నీళ్ళుండాయి. మీరు చెయ్యి పెడితే ఆ నీళ్ళు ఎవరు తాగుతారు?"

తిప్పన్న నొగకు జానెడు దూరంలో ఆగిపోయాడు. కింద ఉన్నది అతని పెళ్ళాం. ఆ తొట్టిని తోమింది అతని చేతులు. అయినా ఆగాడు. అతని మీద కోప్పడేవాళ్ళుంటే ముందు ఆ ఊళ్ళో పుట్టి చూడాలి. అతను రెడ్డి వైపు చూశాడు. "సామీ!" అన్నాడు.

ఇంకో నలుగురు పైకులపు మగవాళ్ళు పడితే పనైపోయేది. వాళ్ళూ రెడ్డి వైపే చూశారు. సిద్ధారెడ్డి తొట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కిందికి చూశాడు. తర్వాత లోపలికి తొంగి చూశాడు. తోక వైపు అంచుకు వేలెడు కిందుగా నీళ్ళు తళతళలాడుతున్నాయి.

"ఉండండప్పా, తొందరపడొద్దు" అన్నాడు. ఆయన గొంతులో కోపమేమీ లేదు, ఇల్లు దిద్దుకునేవాడి జాగ్రత్త ఉంది. "ఇట్ల ఒక్కసారిగా వంచితే నీళ్ళన్నీ ముందుకు పొర్లి నేలపాలవుతాయి. ఊరికంతా ఇయ్యేళ ఇవే నీళ్ళు. ముందు బిందెల్లోకి ముంచేసుకోండి. తొట్టి తేలికైతే అదే లేస్తాది. ఎంతసేపు?"

"రెడ్డీ, ఊపిరి ఆడడంలేదు రెడ్డీ" అన్నాడు ఇమాం హుస్సేన్, నొగకు వేలాడుతూనే.

"లేచినోడివి నువ్వే గదరా" అన్నాడు రెడ్డి.

ఇమాం హుస్సేన్ నొగను ఇంకా గట్టిగా కిందికి గుంజాడు. ఆ మాట అబద్ధమైతే తిప్పికొట్టేవాడు.

పుల్లన్న ముంచడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు బిందెలు అందించారు. మొదట్లో గబగబానే అందించారు. కొందరు ఏడుస్తూ కూడా అందించారు. కానీ బిందె నిండి చంకకు ఎక్కాక మనిషి వేరే అవుతాడు. "నా వంతు ముందు" అని ఒకామె అంది. "నిన్న నాకు తక్కువొచ్చె" అని ఇంకొకామె అంది. రెడ్డి ఇంటి నుంచి ఒక గంగాళం మోసుకొచ్చారు. నీళ్ళు ఒలకకుండా, మెల్లగా, పద్ధతిగా ముంచుతున్నారు.

కింద ఇంకో సంగతి జరిగింది. దాన్ని చూసింది నొగకు వేలాడుతున్న ఇమాం హుస్సేన్, నేల మీద బోర్లా పడుకుని పెళ్ళాం మొహంలోకి చూస్తున్న తిప్పన్న. బెజ్జంలోంచి నీళ్ళు ఓబమ్మ చెంప మీదుగా మట్టిలోకి కారిపోతున్నాయి. బయటికి కనిపిస్తున్న ఆమె ఒక్క చెయ్యి మట్టిలో తడుముకుంది, పైకి లేచింది, బెజ్జం వెతికి అరచేత్తో మూసింది. రోజూ చేసే పనే. నీళ్ళు ఆగిపోయాయి.

"ఓబీ, చెయ్యి తియ్యే" అని తిప్పన్న ఏడ్చాడు. "కారనీయే. కారితే బరువు తగ్గుతాది, తియ్యే!"

ఆమెకు వినబడిందో లేదో. తీయలేదు. ఆ నీళ్ళు వృథా పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె చేతికి తెలియదు.

గంగాళం నిండింది. ఇంకా కొన్ని బిందెలు మిగిలాయి. ఇమాం హుస్సేన్ ఆ చేతిని చూస్తూనే ఉన్నాడు. చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ మనిషి ఉన్నట్టే. అల్లా, ఆ చెయ్యి ఉండనీ, అనుకున్నాడు. ఇంకొక్క బిందె, ఇంకొక్కటి. నొగ ఆయన బరువుకు కొద్దికొద్దిగా దిగుతోంది.

కింద నీళ్ళు కారుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది.

"అయ్యో, నీళ్ళు పోతాండాయి" అని పైనుంచి ఎవరో అన్నారు. ఏమైందో ఇమాం హుస్సేన్‌కు అర్థమైంది. ఆ మాట అన్నామెకు కాలేదు.

చివరి బిందె నిండాక నొగ ఆయన ఒక్కడి చేతుల్లోకే దిగింది, పిల్లలు ఊగే ఊయలంత తేలికగా. తిప్పన్న ఓబమ్మను బయటికి లాక్కున్నాడు. తొట్టిలో ఇప్పుడు నీళ్ళు లేవు కాబట్టి ఎవరు ముట్టుకున్నా అడ్డు చెప్పేవాళ్ళు లేరు. గేరి మగవాళ్ళు అందరూ వచ్చి తొట్టి మీద చేతులు వేసి నిలబడ్డారు.

రెడ్డి మంచివాడు. ఊళ్ళో ఇప్పటికీ అనేమాటే అది. పాడె కట్టడానికి తన తోటలోంచి వెదుళ్ళు ఇప్పించాడు. ఆ పూట గేరికంతా గంజి కేంద్రం నుంచి గంజి పంపించాడు. సాయంత్రం ఇమాం హుస్సేన్‌ను పిలిపించి, తలవంచుకుని నిలబడ్డవాడితో మెత్తగానే మాట్లాడాడు.

"అయ్యిందేదో అయిపాయె. రేపు నీళ్ళు తెచ్చేది ఆపొద్దు. ఇంకమీదట నువ్వు నొగ మీదుంటే నేనొచ్చినా లేయబల్లేదు. ఊరందరి ముందరా చెప్తాండా, నీకొక్కనికే మాఫీ."

ఇమాం హుస్సేన్ ఇంటికి వచ్చాడు. గౌస్‌బీ రొట్టె పెడితే తినలేదు. ఆమె నింపుకొచ్చిన బిందె గుమ్మం పక్కన ఉంది. ఆ బిందె ఎప్పుడు నిండిందో ఆయన అడగలేదు. ఇద్దరూ ఆ నీళ్ళే తాగారు.

మర్నాడు తొట్టి వచ్చింది. దాహానికి మైల లేదు, కడవలన్నీ వచ్చాయి. రెడ్డి హిందూపురం పోలేదు, గంజి కేంద్రం చూసుకోవాలి కదా. జీపు మాత్రం ఆ కేంద్రం ముందర పదిమందీ చూసేలా ఉండాలన్నాడు. ఇమాం హుస్సేన్ జీపు విప్పి, ముందరి కాలు దింపి, నొగ మీద కూర్చున్నాడు. కూర్చుని, పక్కన కొక్కేనికి ఉన్న మోకు చుట్ట విప్పి, తన నడుముకు రెండు చుట్లు వేసి, నొగకు బిగించి ముడి వేసుకున్నాడు. రెడ్డి ఇచ్చిన మాఫీని ఆయన నమ్మాడు. తన మోకాళ్ళనే నమ్మలేదు.

ఓబమ్మ చోట్లోకి తిప్పన్న అక్క చిన్నక్క దూరింది. కడవ బెజ్జం కింద పెట్టి, బిరడా తిప్పింది.

కాసేపటికి గంజి కేంద్రం వైపు నుంచి రెడ్డి చెప్పుల చప్పుడు వినబడింది. ఆడవాళ్ళు తప్పుకున్నారు, మగవాళ్ళు లేచారు. ఇమాం హుస్సేన్ లేవకూడదనుకున్నాడు. మోకాళ్ళు వాటి పాటికవి లేచాయి. మోకు బిగుసుకుని కడుపులోకి దిగి, ఆయన్ను నొగ మీదికి గట్టిగా లాగింది. తొట్టి కదల్లేదు. రెడ్డి చూసి, తల ఊపి, ముందుకు పోయాడు.

చిన్నక్క కింద నుంచి తల తిప్పి ఆ మోకును చూసింది. నడుము నుంచి ముడి దాకా, ముడి నుంచి కొక్కెం దాకా చూసింది.

"సాబూ" అంది. "ఈ మోకు నిన్న యాడుండె?"

పైన పుల్లన్న బిందెలోకి నీళ్ళు పోస్తున్నాడు.

"ఈడనే ఉండె చిన్నక్కా" అన్నాడు ఇమాం హుస్సేన్.

ఆమె నిండిన కడవ పక్కకు జరిపి, బెజ్జానికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఇంకో కడవ కోసం రెండో చెయ్యి చాపింది.